కట్ట కింద తొలి ముద్ద

రంగభూపతి దొరకు పడవ షికారంటే మహా పిచ్చి. అందుకని వాగుకు అడ్డంగా చిన్న మట్టికట్ట పోయించి, చెరువు నింపి, తూము బిగించేశాడు. కట్ట కింద వరినార్లు ఎండిపోతున్నా చుక్క నీరు వదల్లేదు.

తూము కాసే నీరటి బాలవ్వ వచ్చి దండం పెట్టింది. "దొరా, కట్ట ఇంకా పచ్చిగున్నది. ఇన్ని నీళ్లకు ఆగదు. జర తూము ఎత్తుదామా?"

"నా కట్ట కొండే! వందేళ్లయినా కదలదు" అన్నాడు దొర మీసం తిప్పుతూ.

"మంచిదే దొరా. కొత్త కట్టకు మా ఆనవాయితీ ఒకటున్నది. గట్టిదని మాటిచ్చినాయనే దాని కింద కూసుని తొలి ముద్ద తినాలె."

ఊరంతా చూస్తుంటే కాదనలేక, దొర కట్టకు వీపానించి కూర్చున్నాడు. ముద్ద నోటిదాకా వెళ్లిందో లేదో, చెవి పక్క బొరియలోంచి ఎండ్రకాయ ఒకటి తొంగిచూసింది. దాని వెనకే సన్నటి నీటిధార, మెడ మీద చల్లగా!

"తూము ఎత్తండి!" అని ముద్ద విసిరేసి దొర ఒక్క పరుగున గట్టెక్కాడు.

నీళ్లు గలగలా మళ్లలోకి దూకాయి. జనం ఈలలు వేశారు. దొర పంచె దులుపుకుంటూ, "భయపడి కాదు. పాపం, నార్లు ఎండుతున్నాయని!" అన్నాడు.

"అవును దొరా," అంది బాలవ్వ, "కట్ట కింద కూసుంటేనే అవి కనబడతయి."