సాయవ్వ ఒడి

ప్రశ్న అడిగితే బ్రహ్మయ్య గురువు వెంటనే జవాబు చెప్పరు. అన్నం తిన్నావా అని అడుగుతారు. తినలేదంటే పెట్టించి, ఆ తర్వాతే మాట్లాడతారు. గురువు కాకముందు ఆయన మంజీర ఒడ్డున ఒక పల్లెలో కమ్మరి. శిష్యులు ఆయన్ని నాయనా అంటారు.

ఆ రోజు వచ్చిన జంగయ్య అన్నం సగంలోనే వదిలేశాడు. వాళ్ల ఊళ్లో ముసలి దంపతులిద్దరు చేతబడి చేస్తున్నారని పుకారు పుట్టింది. ఆదివారం పంచాయితీ.

"వాళ్ల తప్పు లేదని నాకెరుకే నాయనా. గని ఊరంత ఒక్క మాట మీదున్నది. నేనొక్కణ్ణి కాదంటే నన్ను గూడ వాళ్లల్ల కలుపుతరు. ఏం జెయ్యాలె?"

గురువు చెప్పింది ఇది.

ముప్పై ఏళ్ల కిందట ఆయన పల్లెలో ఆడవాళ్లు బీడీలు చుట్టేవారు. ఇరవై మంది ఒకే రేకుల షెడ్డులో, ఒడిలో చాట పెట్టుకుని, పొద్దుగూకేదాకా కూర్చునేవారు. ఒక సోమవారం లసుమ అనే పద్దెనిమిదేళ్ల పిల్ల చాట పక్కకు తోసి వణకడం మొదలుపెట్టింది. కుక్కలా అరిచింది. మర్నాడు పక్కన కూర్చునే స్వరూప అరిచింది. గురువారానికి తొమ్మిది మందయ్యారు. అందరూ ఒకే పేరు చెప్పారు. సాయవ్వ. ఊరి మంత్రసాని, ఒంటరి మనిషి. ఆ తొమ్మిది మందిలో ఏడుగురికి బొడ్డు కోసింది ఆమే.

భూతవైద్యుడు ఒక పరీక్ష చెప్పాడు. సాయవ్వ చేత లసుమను ముట్టించాలి. వణుకు ఆగితే చేతబడి చేసింది ఆమే. చేసినవాళ్లకే తీయడం వస్తుందని నమ్మకం. రుజువైతే, ఇక మంత్రం పలకకుండా పళ్లు ఊడబెరకాలి. ఆ ఊరి ఆనవాయితీ అది. పటకారు కమ్మరిది, పట్టవలసింది కూడా కమ్మరే.

"నువ్వు తెచ్చినవా నాయనా?" అన్నాడు జంగయ్య.

"తెచ్చిన. ఊరంత తెమ్మన్నది గద."

శుక్రవారం పొద్దున షెడ్డు ముందు ఊరు చేరింది. సాయవ్వకు పరీక్ష సంగతి తెలుసు. ముట్టుకోకుండా మొండికేస్తే ఆ పూటకు గండం తప్పేది. కాని లసుమకు నాలుగు రోజులుగా నిద్ర లేదు. పెదవులు పగిలాయి, గొంతు పోయింది. సాయవ్వ పటకారు వంక ఒకసారి చూసింది. తర్వాత నేల మీద చతికిలబడి పిల్ల తల ఒడిలోకి తీసుకుంది.

"ఒళ్లు గిట్ల కాలుతున్నదేందే బిడ్డా," అంది. "మీ అమ్మ నీళ్లన్న తాపలేదా?"

నుదురు నిమురుతూ కూర్చుంది. కాసేపటికి వణుకు తగ్గింది. లసుమ నిద్రపోయింది.

"సూసిన్రా?" అన్నాడు భూతవైద్యుడు. "ఇంకేం రుజువు గావాలె?"

ఎవరికీ అనుమానం మిగల్లేదు. నలుగురు మగవాళ్లు ముందుకొచ్చారు. సాయవ్వను లేపాలంటే పిల్ల తల కింద పెట్టాలి. లసుమ తల్లి బాలమణి, నిన్నటిదాకా సాయవ్వను అందరికంటే గట్టిగా తిట్టిన మనిషి, అడ్డం వచ్చింది.

"నాలుగొద్దులకు పండుకున్నది. లేపకున్రి. లేసినంక మీ ఇష్టమొచ్చింది జేసుకోన్రి."

అది తప్పుడు కోరికగా ఎవరికీ తోచలేదు. ఆగారు. మాటలు గుసగుసలయ్యాయి. ఎండెక్కింది. అప్పటిదాకా గోడకు ఆనుకుని వణుకుతున్న స్వరూప పాకుతూ వచ్చింది.

"నన్ను గూడ జెర ఆనుకోనియ్యి అవ్వా."

"మంత్రగత్తె ఒడికి గూడ వంతులాయె," అన్నాడు వెనక నుంచి ఒకడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ వారంలో ఆ ఊరు నవ్వడం అదే మొదలు.

సాయవ్వ రెండో మోకాలు ఇచ్చింది. మధ్యాహ్నానికి తొమ్మిది మందీ ఆమె చుట్టూ, ఒకరి మీద ఒకరు కాళ్లేసుకుని నిద్రపోతున్నారు. ఆకలేసి మగవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు మళ్లారు. బస్సు తప్పుతుందని భూతవైద్యుడూ వెళ్లాడు. చివరికి మిగిలింది బాలమణి, కమ్మరి. బాలమణి చెంబుతో నీళ్లు తెచ్చి, ముసలామె చేతులు ఖాళీగా లేవని తానే ఆమె నోటికి అందించింది. కమ్మరి పటకారు సంచిలో వేసుకుని ఇంటికి పోయాడు.

జంగయ్య ముందుకు జరిగాడు.

"అంటే ఆమె చెయ్యలేదని ఊరు ఒప్పుకున్నదా నాయనా?"

"లేదు. ఇప్పటికీ ఒప్పుకోనోళ్లున్నరు," అన్నారు గురువు. "గని పటకారు తెమ్మని మళ్ల ఎవ్వరు అడగలే. సాయవ్వ ఇంకా పన్నెండేండ్లు బతికింది. ఆఖరు వానకాలం గూడ మక్కకంకి కొరుక్కునే తిన్నది."