మాల తీసిన మధ్యాహ్నం

పార్వతీపురంలో భద్రయ్య అనే తాపీమేస్త్రీ ఉండేవాడు; కట్టే గోడను వంకర పోనిచ్చేవాడు కాదు గానీ, పొద్దుగూకితే తాగి తానే నిటారుగా నిలబడలేకపోయేవాడు.

మానమని ఎవరైనా చెబితే జవాబు సిద్ధంగా ఉండేది. "ఏటా మాలేసుకుని నలభై ఒక్క రోజులు చుక్క ముట్టను. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేస్తాను, నాకదో పనేటి?" అనేవాడు. నిజమే, మానేవాడు. మాల తీసిన రోజే మళ్లీ మొదలెట్టేవాడు. ఆ సంగతి మాత్రం చెప్పేవాడు కాదు.

ఆ ఏడు దసరా నాడు తాగొచ్చి పొయ్యి మీది అన్నం గిన్నె తన్నేశాడు. భార్య సన్యాసమ్మ ఆరేళ్ల కూతురు గౌరిని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. కార్తీకంలో అతను అయ్యప్ప మాల వేసుకున్నాడని తెలిసి, దీక్షలో ఉన్న మనిషికి శుచిగా వండిపెట్టాలని తిరిగొచ్చింది.

ఆ దీక్ష రోజుల్లో ఇల్లు ఇల్లులా ఉంది. మాలలో ఉన్నవాణ్ణి అందరూ స్వామి అనే పిలవాలి కదా, గౌరి కూడా తండ్రిని అలాగే పిలిచేది. అతని పక్కన చేరి పలక మీద అక్షరాలు దిద్దేది. భద్రయ్యకు అది ఎంత బాగుండేదో!

కొండకు బయల్దేరే రోజు సన్యాసమ్మ ఒకే మాట చెప్పింది.

"మాల తీసినా ఇలాగే ఉంటే నేనీ ఇల్లు కదల్ను స్వామీ. తాగొచ్చావా, ఇంక ఎన్ని మాలలు వేసుకున్నా రాను."

"ఇన్నాళ్లు ఉన్నోడిని, ఇకపై ఉండలేనేటి?" అని నవ్వాడు భద్రయ్య.

కొండ నుంచి తిరిగొచ్చాక గురుస్వామి గుడిలో అందరి మాలలూ తీయించాడు. నిన్నటిదాకా కలిసి భజన చేసిన నలుగురు మేస్త్రీలు మెట్లు దిగుతూనే వైన్ షాపు దారి పట్టారు.

"రా బావా, దీక్ష అయిపోయింది కదేటి!" అన్నారు.

భద్రయ్య కాళ్లు ఇంటివైపే తిరిగాయి. కానీ ఒక్కడే విడిగా పోతే నవ్వుతారేమో అనిపించింది. ఇంత నిష్ఠగా ఉన్నాను, ఒక్క గ్లాసుకు ఏమవుతుందిలే అనుకున్నాడు. ఒక్క గ్లాసుతో లేచిన తాగుబోతు ఏ ఊళ్లో ఉన్నాడో మీరే చెప్పండి!

మిట్టమధ్యాహ్నం ప్రసాదం డబ్బా చంకలో పెట్టుకుని తూలుతూ ఇంటికొచ్చాడు. గౌరి "స్వామి వచ్చాడు!" అంటూ ఎదురు పరిగెత్తింది. సగం దూరంలో ఆగిపోయింది. వెనక్కి వెళ్లి తల్లి కుచ్చిళ్లు పట్టుకుంది.

"అమ్మా, స్వామి రాలేదు. నాన్నొచ్చాడు" అంది.

సన్యాసమ్మ వండినదానికి మూత పెట్టింది. పిల్ల బట్టలు సంచిలో వేసుకుని బస్సెక్కేసింది.

సాయంత్రానికి మత్తు దిగింది. కలిసి తాగినవాళ్లు ఎవరిళ్లకు వాళ్లు పోయారు. ఏమీ తోచక, అలవాటు కొద్దీ దీపం పెట్టి "స్వామియే" అన్నాడు. రోజూ వెనక నుంచి రెండు గొంతులు "శరణమయ్యప్ప" అని అందుకునేవి. ఆవేళ ఎవరూ అందుకోలేదు. ఇంకోసారి గట్టిగా అన్నాడు. తన గొంతు తనకే వినిపించి, భద్రయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గడువు పెట్టుకుని మానితే చెడు అలవాటు పోదు, గడువు తీరేదాకా కాచుకుని కూర్చుంటుంది. దీక్ష ముగిశాక కూడా మానినవాడే నిజంగా మానినవాడు.