గోడకు పళ్ళు, పాదుకు పెళ్ళి

సామర్లకోట దగ్గర ఓ ఊళ్ళో తాతబ్బాయి అని ఒకాయన ఉండేవాడు. ఆయన భార్య నూకరత్నం, తల్లి మంగాయమ్మ, కొడుకు వీర్రాఘవులు. ఊళ్ళో తెలివైన వాళ్ళెవరని అడిగితే ఈ నలుగురూ ఒకేసారి చెయ్యెత్తేవారు.

"ఎవరేం చెప్పినా మాట పొల్లుపోకుండా చేస్తాం. అంతకంటే తెలివేముంటుందండీ?" అనేవాడు తాతబ్బాయి మీసం దువ్వుకుంటూ.

ఇంత తెలివీ ఉండి, వీర్రాఘవులికి పెళ్ళి మాత్రం కుదర్లేదు. వచ్చిన వాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయేవారు. తోటివాళ్ళ పిల్లలు బడికి వెళ్తుంటే వీర్రాఘవులు అరుగు మీద కూర్చుని చూస్తుండేవాడు. చివరికి పెద్దాపురం నుంచి కొండలరావు అనే ఆయన కబురు పంపాడు, కూతురు హైమావతిని వెంటబెట్టుకుని ఇల్లు చూడ్డానికి వస్తామని.

ఇంకేముంది! నూకరత్నం పక్కింటి భాస్కరమ్మ దగ్గరికి పరిగెత్తింది. భాస్కరమ్మ ఇల్లంటే ఊళ్ళో అందరికీ ముచ్చట. ఆవిడ వచ్చి ఇల్లంతా కలయజూసింది.

"ఇల్లు బాగానే ఉంది వదినా. గోడలే మరీ బోసిగా ఉన్నాయి. కాస్త చూడండి" అని చెప్పి వెళ్ళింది.

"బోసి అంటే ఏంటమ్మా?" అన్నాడు తాతబ్బాయి.

"పళ్ళు లేకపోవడంరా" అంది మంగాయమ్మ. ఆ సంగతి ఆవిడకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

అంతే. ఆవిడ కట్టుడు పళ్ళు తీసి ఎదురుగోడకి మేకు కొట్టి తగిలించారు. మిగతా గోడల సంగతేంటి? వీర్రాఘవులికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. వెల్లుల్లి రెబ్బలు ఒలిచి, మైదా జిగురు పూసి, ప్రతి గోడకీ పైవరసా కింది వరసా అంటించేశాడు.

"ఇప్పుడు చూడండి, ఇల్లు నవ్వుతోంది!" అన్నాడు.

"నవ్వుతోంది గానీ, నోరు కంపు కొడుతోందిరా" అంది మంగాయమ్మ చిగుళ్ళతో.

ఆ వాసనకి భాస్కరమ్మ లోపలికి రాలేక పెరటివైపు నుంచి వచ్చింది. అక్కడ బంతి, కనకాంబరం, వంగ, అన్నీ దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి. ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

"మొక్కల్ని కన్నబిడ్డల్లా చూసుకోవాలి వదినా! ఇలాగేనా వదిలేయడం?" అని కోప్పడింది.

నూకరత్నానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిజమే కదండీ. కన్నబిడ్డల్ని ఎవరైనా ఎండలో, మట్టిలో కాళ్ళు పాతి నిలబెడతారా?" అంది మొగుడితో.

అంతే. మొక్కలన్నిటినీ వేళ్ళతో సహా పీకేశారు. సున్నిపిండితో నలుగుపెట్టి వేణ్ణీళ్ళు పోశారు. సాంబ్రాణి పొగ వేశారు. ఆకాకుకీ దిష్టిచుక్క పెట్టారు. మంచమ్మీద వరసగా పడుకోబెట్టి దుప్పటి కప్పారు. మంగాయమ్మ జోలపాట అందుకుంది.

మర్నాడు భాస్కరమ్మ వస్తే నూకరత్నం నోటిమీద వేలేసుకుంది. "ష్! నెమ్మదిగా వదినా. మెడలు వాల్చేసి ఎంత బుద్ధిగా నిద్రపోతున్నారో!"

భాస్కరమ్మ మంచాన్ని చూసింది. ఖాళీ పెరడు చూసింది. పీకలేక వదిలేసిన మునగచెట్టు కాక, గోడవార నక్కిన సొరపాదు ఒక్కటే ప్రాణాలతో మిగిలింది.

"తల్లీ, దానికైనా ఓ పందిరి వేసి పుణ్యం కట్టుకోండి" అని దండం పెట్టి వెళ్ళిపోయింది.

"పందిరెందుకు వేస్తారు?" అన్నాడు తాతబ్బాయి.

"పెళ్ళికి" అన్నాడు వీర్రాఘవులు.

"పుణ్యం అంది కూడానూ. కన్యాదానం కంటే పుణ్యం ఏముంది?" అంది మంగాయమ్మ.

ఇంకేముంది! తాటాకు పందిరి లేచింది. మామిడి తోరణాలు కట్టారు. సన్నాయివాళ్ళు వచ్చారు. సొరపాదుకి పట్టుచీర చుట్టి బుగ్గన చుక్క పెట్టారు. ఈడూ జోడూ చూసి, పెరట్లోని మునగచెట్టుని పెళ్ళికొడుకుని చేసి పంచె కట్టారు. సరిగ్గా తాళి కట్టే వేళకి కొండలరావు, హైమావతి గుమ్మంలో దిగారు.

"ఇదేంటండీ! అబ్బాయికి వేరేచోట పెళ్ళి కుదిరిపోయిందా?" అన్నాడు కొండలరావు మొహం మాడ్చుకుని.

"అబ్బే, అబ్బాయికి కాదండీ. మా అమ్మాయికి."

"మీకు అమ్మాయే లేదన్నారు!"

"మొన్నటిదాకా లేదండీ. నిన్ననే కన్నబిడ్డయింది" అన్నాడు తాతబ్బాయి ఎంతో వినయంగా.

కొండలరావు సొరపాదుని చూశాడు, మునగచెట్టుని చూశాడు. గిరుక్కున వెనక్కి తిరిగాడు. వీర్రాఘవులు అక్షింతల పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఈ సంబంధం కూడా పోయిందని వాడికి అర్థమైపోయింది.

"ఆగండి నాన్నా" అంది హైమావతి. "పాదుకే ఇంత ప్రేమగా పెళ్ళి చేస్తున్నారంటే, నన్నెంత బాగా చూసుకుంటారో! నాకు ఈ ఇల్లే కావాలి."

కొండలరావు కూతురి మొహంలోకి కాసేపు చూసి, ఎందుకో గట్టిగా ఊపిరి పీల్చి వదిలాడు. వీళ్ళ మనసు ఎక్కడ మారుతుందోనన్నట్టు అప్పటికప్పుడే తాంబూలాలు పుచ్చేసుకున్నాడు.

పెళ్ళి ఘనంగా జరిగింది. అప్పగింతలప్పుడు ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "ఇంటికి దీపం ఇల్లాలు బావగారూ. మా ఇంటి దీపాన్ని మీకిస్తున్నాను" అన్నాడు.

"ఎంత మాటన్నారు బావగారూ!" అన్నాడు తాతబ్బాయి.

అంతే. ఇంటికి రాగానే బల్బులన్నీ పీకి ఊళ్ళోవాళ్ళకి పంచేశాడు. కరెంటు తీగ కోయించేశాడు. ఉన్న లాంతరు కూడా ఎవరికో ఇచ్చేశాడు. పొద్దు గూకే వేళకి కొత్తకోడలు కుడికాలు పెట్టి లోపలికొచ్చింది. లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

మొగుడూ, అత్తా, మామా, బామ్మా చుట్టూ కూర్చుని ఆశగా చూస్తున్నారు. నూకరత్నం చేతిలో నూనెగిన్నె ఉంది.

"ఊఁ, ఇక వెలుగమ్మా" అంది ముద్దుగా.

హైమావతి గభాలున నాలిక్కరుచుకుంది.

"అయ్యయ్యో అత్తయ్యా! వత్తి మా పుట్టింట్లో మర్చిపోయొచ్చాను!"

"దానికేం తల్లీ, ఎంత దూరమనీ!" అన్నాడు తాతబ్బాయి. ఆ చీకట్లోనే తడుముకుంటూ, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని, అయిదుగురూ పెద్దాపురం బయల్దేరారు.