కాగితం చుట్టూ రెక్కలు

దస్తగిరి కోపంతో ఊగిపోతూ గురువు ఇంటికొచ్చాడు. గురువు హుసేన్ పీర్ ఫకీరు. హిందూపురం పక్క పల్లెలో పట్టుపురుగుల గుడ్లు తీసి, రైతులకిచ్చి బతికేవాడు. మూడేళ్లుగా దస్తగిరి ఆయన దగ్గర జపమూ, ఆ పనీ రెండూ నేర్చుకుంటున్నాడు.

జరిగిందిది. ఊళ్లో బట్టలు కుట్టే సకీనా మీద అతనికి మనసయింది. సంతలో ఒకడు అత్తరు సీసా చూపించి, పురుగూ పుట్రా వాసనతోనే జత కడతాయనీ, మనుషులూ అంతేననీ, ఇది పూసుకుంటే ఎంతటి ఆడదైనా తనంతట తానే వెంటపడి వస్తుందనీ నమ్మించాడు. దస్తగిరి వారం రోజులు మెడ నిండా పూసుకుని ఆమె అంగడి ముందు నిలబడ్డాడు. ఎనిమిదో రోజు ఆమె ఓణీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, కుట్టుకు వెలుతురు రావడం లేదనీ, పక్కకు జరగమనీ అంది. అక్కడున్న ఆడవాళ్లు ఫక్కున నవ్వారు.

అతను నేరుగా సంతకు పోయి అత్తరువాణ్ణి రెండు వాయించాడు. అయినా కడుపుమంట చల్లారలేదు. ఇప్పుడే పోయి ఆమె వీధిలో నిలబడి, పదిమందిలో పరువు తీసేస్తానన్నాడు.

పీర్ ముఖం ఎర్రబడింది.

"ఆ పిల్లతో ఏనాడన్నా మాట్లాడినావా?"

"లేదు."

"నీ పేరన్నా తెలుసునా ఆమెకు?"

"తెలీదు స్వామీ. అయినా దానికంత పొగరేంది?"

పీర్ విసురుగా లేచాడు. ఆ తెల్లవారుజామునే పట్టుగూళ్లలోంచి రెక్కల పురుగులు బయటికొచ్చి ఉన్నాయి. కాగితం మీద కూర్చున్న ఒక ఆడపురుగును తీసి పక్కన పెట్టి, దాని మీద గాజు గ్లాసు బోర్లించాడు. అది కూర్చుని ఖాళీ అయిన కాగితాన్ని జానెడు దూరంలో పరిచి, మగపురుగుల తట్టను పక్కనే వంచాడు.

తెల్లటి రెక్కలు టపటపలాడాయి. మగపురుగులన్నీ కాగితం మీదికి ఎగబడ్డాయి. ఒకదాన్నొకటి తొక్కుకుంటూ గిరగిరా తిరిగాయి. గ్లాసులో ఆడపురుగు కళ్లెదుటే ఉంది. ఒక్కటీ అటు పోలేదు.

"ఆ కాగితంలో ఏముందని?" అన్నాడు దస్తగిరి.

"వాసన."

ఒక పురుగు రెక్క చిరిగింది. అయినా అది తిరగడం ఆపలేదు. దస్తగిరి దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఆమె ఇట్లా రాలేదనేనా," అన్నాడు పీర్, "నీ కోపం?"