రాయని మాత్ర

విజయనగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో విశ్వంభరరావు అనే సర్జన్ ఉండేవాడు. ఆయన చేతికి ఎంత నేర్పు ఉండేదో మనసుకు అంత గర్వం ఉండేది. పూడుకుపోయిన కాలి రక్తనాళాలను బాగుచేయడంలో ఆ చుట్టుపక్కల ఆయనకు సాటి లేరు. "నేను ఆపరేషన్ చేశాక ఇంకా మాత్రలతో పనేముంది?" అని నవ్వేవాడు.

ఒకరోజు పైడయ్య అనే రైల్వే కీమ్యాన్ ఆయన దగ్గరకు వచ్చాడు. రోజూ పట్టాల వెంట మైళ్ల కొద్దీ నడుస్తూ, వదులైన బిగింపులను సుత్తితో సరిచేయడం అతని పని.

"వంద అడుగులు నడిస్తే పిక్క పట్టేస్తంది బాబూ. కాసేపు నిలబడితే తగ్గిపోద్ది. మళ్లీ నడిస్తే మళ్లీ అదే," అన్నాడు పైడయ్య.

కొవ్వు పేరుకుని అతని తొడలోని రక్తనాళం మూసుకుపోయిందని పరీక్షల్లో తేలింది. విశ్వంభరరావు నాలుగు గంటలు నిలబడి ఆపరేషన్ చేశాడు. వారం తిరిగేసరికి పైడయ్య వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు ఎక్కడా ఆగకుండా నడిచాడు. అతని భార్య సూరమ్మ డాక్టరు కాళ్లకు దండం పెట్టింది.

ఇంటికి పంపే రోజు హెడ్ నర్సు ఎస్తేరు కాగితాలు పట్టుకుని సర్జన్ గదిలోకి వచ్చింది.

"సార్, పైడయ్యకు కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర రాయలేదు."

"చెడు కొలెస్ట్రాల్ నూట పన్నెండే ఉంది కదా. ల్యాబ్ వాళ్లే మామూలని వేశారు."

"అది జబ్బు లేనివాళ్ల లెక్క సార్. రక్తనాళాలు పూడుకున్నవాళ్లకు డెబ్బై కూడా దాటకూడదని, అంకె ఎంత ఉన్నా మాత్ర మొదలుపెట్టాలని మార్గదర్శకాల్లో ఉంది. మొన్న మీటింగులో కూడా చెప్పారు."

"నాళాన్ని నేను బాగుచేశాను సిస్టర్."

"కాలిలోది బాగుచేశారు సార్. గుండెకూ మెదడుకూ వెళ్లేవాటిలో కూడా అదే కొవ్వు ఉంటుంది కదా."

విశ్వంభరరావు ముఖం ఎర్రబడింది. "ఎవరో ఎక్కడో కూర్చుని రాసిన కాగితాలు చదివి నాకు వైద్యం నేర్పుతావా? వెళ్లి నీ పని చూసుకో!" అన్నాడు. ఎస్తేరు తల దించుకుని వెళ్లిపోయింది.

పైడయ్య సెలవు తీసుకోవడానికి వచ్చి, "ఇంకేటైనా మందు వాడాలా బాబూ? మీరెలా సెప్తే అలాగే వాడతాను," అని అడిగాడు.

"రక్తం పలచబడే మాత్ర ఒకటి రాశాను, అది చాలు. హాయిగా నడువు," అన్నాడు సర్జన్.

పైడయ్య ఆ ఒక్క మాత్రనూ ఏ రోజూ మరచిపోకుండా వేసుకున్నాడు. చుట్ట మానేశాడు. పద్నాలుగు నెలలు పట్టాల వెంట హాయిగా నడిచాడు. ఒక ఉదయం పనిలో ఉండగా అతని కుడిచెయ్యి పట్టు తప్పింది. కేక వేయబోతే మాట రాలేదు. కంకర మీద పడి ఉన్న అతణ్ణి తోటి పనివాళ్లు ఎండెక్కాక చూశారు. మెడలోని రక్తనాళం కొవ్వుతో పూడుకుపోయిందనీ, దానివల్లే పక్షవాతం వచ్చిందనీ డాక్టర్లు చెప్పారు. ప్రాణం నిలిచింది. కుడిపక్క చచ్చుబడింది. మాట పోయింది.

సూరమ్మ భర్తను చక్రాల కుర్చీలో విశ్వంభరరావు దగ్గరకే తీసుకొచ్చింది. ఆమె దృష్టిలో ఆయనను మించిన డాక్టరు లేడు. ఆయన పాత కాగితాలు తిరగేసి, కొలెస్ట్రాల్ మాత్ర చీటీ మీద రాసి ఇచ్చాడు.

"ఇది ఎన్నాళ్లు ఏసుకోవాల బాబూ?"

"బతికినన్నాళ్లూ అమ్మా."

"ముందే ఏసుకునుంటే ఇది ఆగేదా?"

గది తలుపు దగ్గర ఎస్తేరు నిలబడి ఉంది. విశ్వంభరరావు ఆమె వైపు చూడలేదు. "మాత్ర వాడినా ఒక్కోసారి వస్తుందమ్మా," అన్నాడు.

అది అబద్ధం కాదు. కానీ ఆ మాత్ర ముప్పును ఎంతో తగ్గించేదన్న మిగతా సగం నిజం ఆయన గొంతు దాటి రాలేదు.

సూరమ్మ కళ్లు తుడుచుకుంది. "మా రాత బాగోలేదు బాబూ. మీరు సెయ్యాల్సిందంతా సేసేరు," అంటూ తిరిగి ఆయననే ఓదార్చి, రెండు చేతులూ జోడించింది. పైడయ్య కూడా దండం పెట్టబోయాడు. ఎడమచెయ్యి ఒక్కటే లేచింది.

ఆ రోజు నుంచి విశ్వంభరరావు ప్రతి రోగికీ నియమం ప్రకారం ఆ మాత్ర రాశాడు. రెండు మూడు నెలలకు మళ్లీ రక్తపరీక్ష చేయించి, అంకె దిగకపోతే మందు పెంచాడు. జనం ఆయనను ఇంకా మెచ్చుకున్నారు. ఎస్తేరు మాత్రం ఆయనకు మళ్లీ ఏదీ గుర్తుచేయలేదు. పైడయ్యకు మాట తిరిగి రాలేదు.

నీతి: ఎందరో రోగుల అనుభవం నుంచి పుట్టిన నియమాన్ని గర్వంతో తోసిపుచ్చితే, తప్పు వైద్యుడిదైనా శిక్ష అనుభవించేది అతణ్ణి నమ్మిన రోగే.