పూజ చేసిన రాయి

"స్వామీ, కోపం శత్రువన్నారు గదా. అన్యాయం కళ్ల ముందు జరుగుతున్నా దాన్ని చంపుకోవలసిందేనా?"

బోధానందస్వామిని ఈ మాట అడిగినవాడు పానకాలు, ఆశ్రమానికి వచ్చి ఏడాది నిండని శిష్యుడు. స్వామికొక అలవాటుంది, తల్లులారా. అడిగిన వెంటనే జవాబు చెప్పరు. కండువా భుజాన వేసుకుని ఎటో బయలుదేరతారు. ఆ రోజు ఆయన్ని ఊటపాలెం రోడ్డు శంకుస్థాపనకు కొబ్బరికాయ కొట్టమని పిలిచారు. ఊటపాలెం పానకాలు పుట్టిన ఊరే. "నువ్వూ రా" అన్నారు స్వామి.

దాన్ని రోడ్డనడం మన మంచితనం. నల్లరేగడి నేల, వానపడితే చెప్పు దానికి, కాలు మనకి. పానకాలు తాత కాలంలో ఇంటికొక మనిషి వెట్టికి పోయి ఆ దారికి మట్టి మోశాడు. తండ్రి కాలంలో భూమిశిస్తుతో కలిపి రోడ్డు సెస్సు కట్టించుకున్నారు. ఇప్పుడు బండిలో పోసుకునే డీజిలు మీద కూడా రోడ్డు పేరు చెప్పి వసూలు చేస్తున్నారు. ఊరు ఇస్తూనే ఉంది. వచ్చిందల్లా, తారురోడ్డు నుంచి దారి చీలే చోట రెండు నున్నని రాతి పలకలు. ఒకటి జిల్లా బోర్డు నాటి శంకుస్థాపన, ఒకటి పంచాయతీ సమితి నాటిది. వాటి పక్కన పట్టుగుడ్డ కప్పుకుని నిలబడ్డ మూడోది ఇవాళ్టిది. దేవుడికైనా ఒక గుడిలో ఒకసారే ప్రతిష్ఠ చేస్తాం. ఈ లేని రోడ్డుకు మూడు ప్రతిష్ఠలు.

మండలాధ్యక్షుడు మైకు పట్టుకుని నిధుల మంజూరు గురించి చెబుతుండగా, ఊరివైపు నుంచి ఒక ఆటో వచ్చి సరిగ్గా పందిరికి ఎదురుగా బురదలో దిగబడింది. లోపల నొప్పులు పడుతున్నది పానకాలు చెల్లెలు అంకమ్మ. బిడ్డ ఎదురుకాళ్లతో వస్తున్నది. దించి మోసుకుపోదామంటే పక్కనున్న మంత్రసాని ఒప్పుకోలేదు. పానకాలూ మరో నలుగురూ తోశారు. చక్రం తిరిగినకొద్దీ లోపలికే పోయింది.

"కంప వేస్తే మింగేస్తోంది సామీ. గట్టిది ఏదన్నా పడాల కింద" అన్నాడు డ్రైవరు నాగూల్‌మీరా.

"కాస్త ఓపిక పట్టండయ్యా, సభ అయిపోతూనే మన జీపుతో లాగిద్దాం" అని అధ్యక్షుడు మైకులోనే అన్నాడు.

"ఆ మాటేదో కడుపులో బిడ్డకు చెప్పు నాయనా" అంది మంత్రసాని.

పానకాలు పిడికిలి బిగించి పందిరి మెట్టెక్కాడు. జన్మలో ఎవరి మీదా ఎత్తని చెయ్యి లేచింది. అప్పటికే స్వామి పట్టుగుడ్డ లాగిపారేసి, సిమెంటు ఆరని కొత్త పలకను ఊపుతున్నారు.

"పానకాలూ, ఈ కొస పట్టుకో" అన్నారు.

లేచిన చెయ్యి రాయి మీద పడింది. అధ్యక్షుడు అడ్డం వచ్చాడు.

"అపచారం స్వామీ. పసుపు కుంకుమ పెట్టి పూజ చేసిన రాయి. పైగా దాని మీద నా పేరుంది."

"పూజ అందుకున్నాక వరం ఇవ్వాలి గదయ్యా" అన్నారు స్వామి. "నీ పేరు పైకే ఉండేటట్టు వేద్దాంలే."

భూమిపూజకు తెచ్చిన గునపంతోనే పాత పలకలు రెండూ పెకలించారు. అంతవరకు చేతులు కట్టుకుని కూర్చున్న జనం బురదలోకి దిగారు. వెనక పలక తీసి ముందు వేస్తూ, దాటిన పలక మళ్లీ తీస్తూ, ఆటోను తారు ఎక్కించారు. అది పట్నం వైపు మలుపు తిరిగింది.

అప్పుడు అధ్యక్షుడు తన మనుషులతో, "రాళ్లు కడిగి మళ్లీ నిలబెట్టండి" అన్నాడు.

"స్వామీ, నా కోపం తగ్గలేదు" అన్నాడు పానకాలు తలవంచుకుని.

స్వామి చేతుల మట్టి కండువాకు తుడుచుకున్నారు.

"తగ్గనీకు. ఆ పలకలు దారిలో పరిచి, దగ్గరే కూర్చో. తల్లీబిడ్డా ఇటే తిరిగి రావాలి."