ఉడుముకి గోళ్ళు మొలిచిన చలికాలం

ఒకప్పుడు ఉడుముకి గోళ్ళు లేవు. నాలుగు పాదాలూ మెత్తగా, నున్నగా, అప్పుడే దించిన కుడుముల్లా ఉండేవి. తొండ మెడ కూడా ఇప్పట్లా ఎర్రగా ఉండేది కాదు. దానికి తల ఊపే అలవాటూ లేదు.

ఆ రోజుల్లో ఉడుము అక్కని తొండకిచ్చి పెళ్ళి చేశారు. ఈ సంబంధం ఎవరు కుదిర్చారో నన్నడక్కండి, నేను పెళ్ళికి వెళ్ళలేదు. తొండ బావ, ఉడుము బామ్మర్ది. నెత్తురాళ్ళ కొండ కింద పక్కపక్క పొదల్లో కాపురం.

ఆ కొండ గోడలా నిటారుగా ఉంటుంది. అది ఎక్కడానికి ఒక కట్టుబాటు ఉంది. ఎక్కేవాడు నడుముకి అడ్డతీగ కట్టుకుని, దారిలో కనబడ్డ రాతి మొనలకి దాన్ని మెలేస్తూ ఎక్కాలి. కింద ఆ తీగ కొస పట్టుకునేవాడు వాడి బామ్మర్దే అయ్యుండాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు. చెయ్యి నొప్పి పుడితే ఎవడైనా వదిలేస్తాడు గాని, తోడబుట్టినదాని బతుకు పాడుచేసేవాడు ఉండడు గదా అని పెద్దల నమ్మకం.

ఏటా ఎండాకాలంలో తొండ కొండెక్కి తేనెపట్టు దించేది. ఉడుము కింద తీగ పట్టుకునేది. అరచేతులు ఒరుసుకుపోయి మండేవి. తేనె కిందికి రాగానే అడవంతా మూగేది.

"తొండబావ తెచ్చిన తేనె! ఏం గుండె, ఏం గుండె!" అని ఉడతలు చప్పట్లు కొట్టేవి.

తీగ ఎవరు పట్టుకున్నారని ఒక్కరంటే ఒక్కరు అడిగేవారు కాదు. ఉడుము నవ్వు పులుముకుని నిలబడేది. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయేది. బావ తేనె నాకితే కుళ్ళు. బావ తుమ్మినా కుళ్ళే.

ఒక ఏడు పుష్యమాసంలో పాడు చలి వచ్చిపడింది. గడ్డి మీద మంచు తెల్లగా ఉప్పు చల్లినట్టు పేరుకుంది. అడవిలో నిప్పన్నది లేకుండా ఆరిపోయింది. కడుపుమంటతో చలి కాచుకోవడం కుదిరితే ఆ ఏడు ఉడుము ఒక్కటే వెచ్చగా ఉండేది.

అక్క అప్పుడే ఎనిమిది గుడ్లు పెట్టింది. ఏదుపంది తాత వచ్చి ఒక్కో గుడ్డునీ ముట్టుకు చూసి తల అడ్డంగా తిప్పాడు.

"రేపు పొద్దుటికల్లా వెచ్చదనం తగలాలమ్మా. లేకపోతే ఇవి గుడ్లు కావు, గులకరాళ్ళే."

నిప్పు ఒక్కచోటే ఉంది. కొండ నెత్తిన పిడుగు పడ్డ మోడు ఒకటుంది, దాని కడుపులో ఎప్పుడూ నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. కాని చలికాలంలో ఆ కొండ ఇంతవరకూ ఎవరూ ఎక్కలేదు. బండలన్నీ నూనె రాసినట్టు జారుతున్నాయి.

"నేను ఎక్కుతాను. బామ్మర్దీ, తీగ పట్టు!" అంది తొండ.

ఉడుముకి ఒళ్ళు మండింది. 'చూశావా, మళ్ళీ వీడే! నిప్పు తెస్తే ఇక తరతరాలు వీడి పేరే చెప్పుకుంటారు' అనుకుంది. పైకి మూలిగింది.

"నా చెయ్యి బెణికింది బావా. వేలు కూడా కదపలేను."

"తమ్ముడూ, ఎనిమిది గుడ్లురా..." అంది అక్క.

ఉడుము అక్క ముఖం చూడకుండా చెయ్యి పట్టుకుని మళ్ళీ మూలిగింది. నేను పట్టుకుంటానని ఉడత ముందుకొచ్చింది. ఏదుపంది తాత ముళ్ళు నిక్కబొడుచుకున్నాడు. "కట్టుబాటు కట్టుబాటే. బామ్మర్ది తప్ప ఇంకెవరూ తీగ పట్టకూడదు."

'హమ్మయ్య, ఇక ఎక్కడు' అనుకుంది ఉడుము.

తొండ కాసేపు గుడ్ల వైపు చూసింది. "బామ్మర్ది తప్ప ఇంకొకడు తీగ పట్టకూడదన్నారు గాని, ఒంటరిగా ఎక్కకూడదని ఎక్కడా లేదు తాతా," అంది. నడుముకి తీగ కట్టుకుంది. పట్టేవాడు లేకపోయినా తీగ లేకుండా కొండ మీద అడుగుపెట్టకూడదు మరి. తీగ కొసని తోకలా ఈడ్చుకుంటూ ఒక్కటే బయల్దేరింది.

అడవంతా కొండ కింద నిలబడి నోరు తెరుచుకు చూసింది. "అమ్మో, ఒంటరిగా! ఈ చలిలో!" అని ఒకటే గుసగుసలు.

ఉడుము పరిస్థితి గోరుచుట్టు మీద రోకలిపోటు అయింది. తీగ పట్టి ఉంటే మెప్పులో పిసరంతైనా వాటా ఉండేది. ఇప్పుడు మొత్తం బావదే. 'వీడికంటే ముందు నేనే నిప్పు తెస్తే?' అనిపించింది. బెణికిన చెయ్యి సంగతి మరిచిపోయి, ఎవరూ చూడకుండా పక్కదారిన కొండెక్కడం మొదలుపెట్టింది. దీనికి తీగా లేదు, గోళ్ళూ లేవు, ఉన్నదల్లా కుళ్ళొక్కటే.

కుళ్ళు బలం తక్కువేమీ కాదు. ఉడుముని సగం కొండ ఎక్కించింది. అక్కడ చలిగాలి ఎదురొచ్చింది.

"ఎవర్నువ్వు? ఇంత చలిలో ఏం పనిమీద వచ్చావు?" అని గాలి అడిగింది.

ఉడుము నిప్పు కోసమనీ అనలేదు, గుడ్ల కోసమనీ అనలేదు. కిందికి చూసింది. చెట్లు పచ్చికలా కనబడ్డాయి. అంతే, నాలుగు కాళ్ళూ కొయ్యబారిపోయాయి. పైకి పోలేదు, కిందికి దిగలేదు. బండకి పొట్ట ఆనించి వణుకుతూ ఉండిపోయింది.

ఈలోగా తొండ కొండ నెత్తికి చేరింది. నత్తగుల్లలో నిప్పుకణిక వేసి మెడకి కట్టుకుంది. గొంతు చురచురా కాలుతున్నా ఓర్చుకుని దిగడం మొదలుపెట్టింది. సగం దూరంలో చూస్తే ఏముంది? బామ్మర్ది!

"ఇటు రా! ఇటు మెట్టుంది!" అని అరిచింది. గాలి ఆ మాట ఎత్తుకుపోయింది. అందుకని తల పైకీ కిందికీ ఊపింది. రా, రా అని.

ఉడుముకి అది ఎలా కనబడిందనుకున్నారు? 'చూశావా నా గొప్ప, చూశావా నా గొప్ప' అని వెక్కిరించినట్టు కనబడింది. చచ్చే భయంలో కూడా పళ్ళు కొరికింది.

బామ్మర్ది కదలకపోవడం చూసి తొండ అటువైపు తిరిగింది. తీగ కొస ముందుగా జారి ఉడుము ముక్కు దగ్గర వేలాడింది. ఇంకో రెండు అంగలు వేస్తే తొండ అక్కడికి చేరేదే. మంచు బండ మీద కాలు జారింది.

తొండ ఉడుము పక్కనుంచే రాయిలా కిందికి పోయింది. ముక్కు ముందు తీగ సర్రున కదిలింది.

రెప్పపాటు. ఆ రెప్పపాటులో ఉడుము మనసులో ఏముందో నాకు తెలుసు. 'పోనీ' అన్న మాటుంది. సిగ్గుపడాల్సిన మాటే, కాని ఉంది. మనసు ఆ మాట పూర్తి చేసేలోగా చెయ్యి తీగని పట్టేసింది. ఎన్ని ఎండాకాలాల అలవాటో మరి.

తీగ ఒక్క గుంజు గుంజింది. ఉడుము జారింది. మిగిలిన మూడు కాళ్ళూ బండకి నొక్కింది. "అక్కా!" అని అరిచి ఇంకా నొక్కింది. వేళ్ళ కొసలు చిట్లాయి. చిట్లిన చోటల్లా నల్లటి గోళ్ళు పొడుచుకొచ్చి రాతిలోకి దిగాయి.

"అబ్బా! ఏం గుచ్చావురా నా ఒంట్లో?" అంది కొండ.

ఉడుము పట్టు వదల్లేదు. తొండ తీగ పట్టుకుని పైకి పాకొచ్చేదాకా వదల్లేదు. వచ్చాక కూడా వదల్లేదు. బావ ఒక్కో వేలూ విప్పాల్సి వచ్చింది.

"చెయ్యి బెణికిందన్నావు?" అంది తొండ.

"బెణికిందే," అంది ఉడుము నేల చూపులు చూస్తూ.

నత్తగుల్లలో కణిక ఆరకుండా ఇద్దరూ కిందికి దిగారు. మర్నాటి పొద్దుటికి గుడ్ల పక్కన మంట ఉంది. రోజులు నిండాక ఎనిమిది పిల్లలూ బయటికొచ్చాయి. నిప్పొచ్చిన పొద్దునే అడవంతా తొండ చుట్టూ మూగింది. "తొండబావ తెచ్చిన నిప్పు!" అన్నాయి ఉడతలు. అవెప్పుడు మారాయి గనక!

అక్క మాత్రం తమ్ముడి దగ్గరకొచ్చి, చిట్లిన వేళ్ళు ఒడిలో పెట్టుకుంది. "ఆయన నిప్పు తెచ్చాడు. నువ్వు ఆయన్ని తెచ్చావు తమ్ముడూ," అంది.

ఉడుముకి కళ్ళనీళ్ళు తిరిగాయి. అక్కడితో దాని కుళ్ళు పోయిందని చెప్తే కథ బాగుండేది. అబద్ధమెందుకు చెప్పాలి? తలెత్తి చూసేసరికి బావ ఎత్తైన బండెక్కి, "నేను కొండమీద ఇలా తలూపాను" అని అందరికీ ఊపి చూపిస్తున్నాడు. ఉడుముకి మళ్ళీ భగ్గుమంది.

అప్పటినుంచే తొండ మెడ ఎర్రబడింది. ఎండ పొడ తగిలితే చాలు, బండెక్కి రా, రా అని తలూపుతుంది. అప్పటినుంచే ఉడుముకి గోళ్ళున్నాయి. చలికాలం రాగానే ఆ తలూపుడు కళ్ళబడకుండా రాతి సందులో దూరి పడుకుంటుంది. లాగి చూడండి, రాదు. బండ పట్టూ వదలదు, కుళ్ళు పట్టూ వదలదు. అయినా దాన్ని మరీ తిట్టకండి. ఆ రోజు తీగ కూడా వదల్లేదు.